తిప్పుడద్దం పెట్టని ఫోటో

పోయిన నెల నా కుడికంటికి శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజు మా మనవరాలు నల్ల కళ్ళద్దాలు కొనుక్కొచ్చి, "తాతా, ఇవి మామూలువి కాదు, ఎండ మెరుపును ఆపుతాయంట" అంది. ముక్కుమీద పెట్టుకోబోయినవాణ్ణి ఎందుకో ఆగి, ఒక అద్దాన్ని కంటికి కాస్త దూరంగా పట్టుకుని, పెరట్లో నీళ్ళ తొట్టి వైపు చూస్తూ మెల్లగా తిప్పాను. నీళ్ళమీద తెల్లగా మండుతున్న ఆకాశం కొంచెం కొంచెంగా ఆరిపోయింది. అడుగున పాచీ, ఎప్పుడో జారిపడ్డ సబ్బుపెట్టే కనబడ్డాయి. ఇంకాస్త తిప్పితే ఆకాశం మళ్ళీ వచ్చి కూర్చుంది. నేను పగలబడి నవ్వాను. మనవరాలు భయపడి వాళ్ళ అవ్వను కేకేసింది. మా ఆవిడ వచ్చి, నా చేతిలో అద్దం తిరగడం చూసి, "ఏమీ కాలేదులే. ఆయప్ప గ్యాపకం వచ్చింటాడు" అని చెప్పి లోపలికి పోయింది.

ఆయప్ప అంటే మా వైపు 'ఆయన' అని. అసలు పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఆదోనిలో నాకెవరూ తెలియరు. పెద్దాచిన్నా అందరికీ ఆయన ఫోటో అన్న. పత్తి మార్కెట్టు వెనక సందులో, మేడమీద ఆయన స్టూడియో. కింద గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. అప్పట్లో నాది పత్తి గింజలు తీసే జిన్నింగు ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం. పత్తి కాలంలో ఆ సందంతా దూది తేలుతూ ఉండేది. ఫోటో తీసే ముందు ఆయన బుగ్గలు పూరించి కెమెరా మీద ఒక ఊదు, కూర్చున్న మనిషి మీద ఒక ఊదు ఊదేవాడు. కొత్త పెళ్ళికూతుళ్ళు కూడా ఆ ఊదు తప్పించుకున్నది లేదు.

మనిషి సన్నగా పొడుగ్గా, ఒక పక్కకు ఒరిగి ఉండేవాడు. నడుము జబ్బేమీ కాదు. ఎవరితోనూ ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు లేదు, అంతే. మనం బజారులో పోతుంటే పక్కనుంచి వచ్చి, మన చెవికీ దవడకీ మధ్య ఎక్కడో చూస్తూ పలకరించేవాడు. తెలియనివాళ్ళు ఏదో రహస్యం చెబుతాడనుకుని చెవి ఒగ్గేవాళ్ళు. ఆయన "వానొచ్చేట్టుండాది" అని చెప్పి తన దారిన పోయేవాడు. ఎందుకన్నా ఇట్లా అని ఒకసారి అడిగాను.

"ఎదురుగా నిలబడితే ప్రతోడూ మెరుస్తాడప్పా. కొంచెం పక్కకు జరిగితే మనిషి కనపడతాడు" అన్నాడు.

ఈయన వేదాంతంలో పడ్డాడే అనుకున్నాను. కాదు, అది ఆయన పనికి సంబంధించిన సంగతి. తుంగభద్ర డ్యాము కట్టేటప్పుడు అక్కడ పనిచేసిన ఒక ఇంజనీరు, పని ముగించుకుని పోతూ ఈయనకు ఒక పొగరంగు అద్దం ఇచ్చిపోయాడు. జేబుగడియారమంత ఉంటుంది, ఇత్తడి చట్రంలో గుండ్రంగా తిరుగుతుంది. దాని అసలు పేరు పోలరైజింగ్ ఫిల్టరు. చదువుకున్నవాళ్ళెవరైనా వస్తే నోట్లో వక్క ఉన్నా సరే ఆ పేరు పూర్తిగా పలికేవాడు. మిగతావాళ్ళకు తిప్పుడద్దం. నీళ్ళమీదా గాజుమీదా ఏటవాలుగా పడే మెరుపును అది మింగేస్తుంది. ఎంత తిప్పితే మింగుతుందో ముందు కన్ను పెట్టి చూసుకోవాలి. చూసుకుని, అప్పుడు చట్రంలో పైకి వచ్చిన చోట తాంబూలం సున్నంతో ఒక చుక్క పెట్టి, ఆ చుక్క పైనే ఉండేట్టు కెమెరా ముందు తగిలించాలి. అట్లా ఆయన కొండ ఫోటో తీస్తే ఆకాశం నల్లబడి, మబ్బులు మా ఫ్యాక్టరీలోంచి అప్పుడే బయటపడ్డ దూదిలా లేచి కూర్చునేవి.

అది చేతికొచ్చాక ఆయనకు లోకంలో తిప్పి చూడనిది లేదు. సోడా సీసాలు చూసేవాడు. బజ్జీల బాండీలో నూనె చూసేవాడు. ఒక పత్తి వ్యాపారి బట్టతలను పక్కనుంచి చూసి, ఇది కూడా ఆరుతుందని కనిపెట్టి, బజారులో నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ వ్యాపారి కోప్పడటం పోయి, మరుసటి రోజు తలపాగా లేకుండా ఫోటో దిగడానికి వచ్చాడు. లోహం మాత్రం ఆ అద్దానికి లొంగదు. "బంగారం, వెండి, ఇత్తడి, వీటి పొగరు నేను అణచలేనప్పా" అని ఒప్పుకునేవాడు.

తిప్పుడద్దం మెరుపుతో పాటు వెలుతురును కూడా తింటుంది. మామూలుగా కెమెరా మూత ఒక లెక్కసేపు తెరిస్తే, అది పెట్టినప్పుడు నాలుగు లెక్కలు తెరవాలి. ఆయన ఒకటి, రెండు అని లెక్కపెట్టడు. ఊళ్ళ పేర్లు చెప్తాడు. ఎడమచేత్తో మూత తీసి, కుడిచెయ్యి పైకెత్తి, ఊరికొక వేలు చూపిస్తాడు. హాలహర్వి, ఆదోని, ఎమ్మిగనూరు, నందవరం. పడమటినుంచి తూర్పుకు, బస్సు పోయినంత నిదానంగా. అద్దం లేకుంటే హాలహర్వితో సరి. ఆ ఊళ్ళు దాటేలోగా రెప్ప కొట్టకూడదు, ఊపిరి గట్టిగా పీల్చకూడదు.

ఇంక నా సంగతి. నాకు కళ్ళజోడు. అద్దాలు మరీ మందం కాదు గానీ అవి లేకుంటే బస్సు బోర్డు చదవలేను. ఆ జోడు మూలంగా నాకు అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మొదటిసారి పంపిన ఫోటోలో కళ్ళున్న చోట రెండు తెల్ల బిళ్ళలు మెరిశాయి. పిల్లవాడు గుడ్డివాడన్నారు. రెండోసారి ఇంకో స్టూడియోలో ఆ మెరుపు మీద పెన్సిలుతో కళ్ళు గీసి ఇచ్చారు. గీసినాయన రెండు కళ్ళూ ఒకే రోజు గీయలేదేమో, ఒకటి తూర్పు చూస్తే ఒకటి ఉత్తరం చూసింది. మెల్లకన్నన్నారు. ఆ రెండింటికీ నేను పెద్దగా బాధపడలేదు. మూడోది మాత్రం తప్పిపోకూడదనుకున్నాను. ఎమ్మిగనూరులో ఒక పెళ్ళి భోజనాల్లో, చారు ఆవిరికి జోడు మసకబారి, తీసి తుడుచుకుంటుంటే, ఎదురు వరసలో ఒక అమ్మాయి నవ్వింది. అంత నిండైన నవ్వు నేనంతవరకూ వినలేదు. జోడు పెట్టుకునేసరికి పోతున్న జడ మాత్రం కనపడింది. మా మేనమామ వాకబు చేశాడు. నేతపనివాళ్ళ పిల్ల. తండ్రి ఉన్నా ఇంట్లో మాట వాళ్ళ ముసలవ్వది. ఫోటో పంపమన్నారు.

"కండ్లుండే ఫోటో పంపమన్నారు" అని మా మామ ఒత్తి చెప్పాడు. అంతకుముందు సంగతులు అక్కడిదాకా పాకినట్టున్నాయి.

నేను మేడెక్కి ఫోటో అన్నతో అంతా చెప్పాను. జోడు తీసేసి దిగితే సులువు గదా అన్నాను.

"తీసేస్తే అది వేరే మనిషి ఫోటో. పెండ్లయినంక నీ జోడు సూసి ఆ పాప ఏమనుకోవాల? నీ జోడూ కనపడాల, నీ కండ్లూ కనపడాల. కూర్చో" అన్నాడు.

కుర్చీని కిటికీకి ఏటవాలుగా తిప్పాడు. నన్ను తిప్పాడు. నా గడ్డం పట్టుకుని తలను అటు రవ్వంత, ఇటు రవ్వంత తిప్పాడు. నా మీద ఒక ఊదు ఊదాడు. తర్వాత అద్దం కంటికి పెట్టుకుని, పక్కకు ఒరిగి, తిప్పుతూ పోయాడు. "ఉండు. పోతాండాది. ఇంగొంచెం. పోయె. వచ్చినాడప్పా మనిషి."

"ఎవరన్నా?"

"నువ్వే."

సున్నపు చుక్క పెట్టాడు, అద్దం తగిలించాడు, మూత తీశాడు. "హాలహర్వి. ఆదోని. ఎమ్మిగనూరు." అక్కడ ఆగిపోయి మూత పెట్టేశాడు. "ఎమ్మిగనూరు కాడ రెప్ప కొట్టినావు."

కొట్టాను. రెండోసారీ అక్కడే కొట్టాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. "ఈతూరి ఎమ్మిగనూరు బదులు తుగ్గలి పెడతా. తుగ్గలిలో నీకెవరూ లేరు గదా?" అన్నాడు. లేరన్నాను. హాలహర్వి, ఆదోని, తుగ్గలి, నందవరం. ఫోటో వచ్చింది.

ఎట్లా వచ్చిందని చెప్పను! జోడు వెనక నా రెండు కళ్ళు, రెప్పల వెంట్రుకలతో సహా. ఒకే దిక్కు చూస్తున్నాయి. నాకు నేనే నచ్చి, ఫ్యాక్టరీలో ఆ రోజంతా దాన్ని పుస్తకం కింద పెట్టుకుని చూసుకున్నాను. మా మామ తీసుకుపోయి వాళ్ళకిచ్చాడు. ఎనిమిది రోజులకు తిరిగొచ్చి, మెట్లమీద కూలబడ్డాడు.

"వద్దంటాండారు. పిల్లోనికి సోకెక్కువంట."

"నాకు సోకేంది మామా?"

"అద్దాలు లేని ఉత్త ఫ్రేము పెట్టుకొని ఫోటో దిగినాడు అంటాండారు. ఆ ముసలామె ఫోటోను వెలుతురులో పెట్టి సూసింది. అద్దముంటే మెరవాల గదా, యాడుంది మెరుపు అనె. అద్దాల్లేని జోడు పెట్టుకొని తిరిగేటోడు, ఇంట్లో బియ్యం లేకున్నా మీసం దువ్వుకుంటా తిరుగుతాడు, నా మనవరాలిని ఈయను అనె."

ఆ రోజుల్లో కొందరు కుర్రకారు షోకు కోసం నిజంగానే ఉత్త ఫ్రేములు పెట్టుకుని తిరిగేవాళ్ళు. కాబట్టి ముసలామెది తప్పనడానికీ లేదు. నా కళ్ళు దొరికాయి, అద్దాలు పోయాయి. నాకు ఏడుపొచ్చింది.

ఫోటో అన్నకు మాత్రం కాళ్ళు నేలమీద నిలవలేదు. "అద్దమే లేదనిరా? నిజంగా అట్లనే అనిరా?" అని మా మామ చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆయన పనిని అంత గొప్పగా మెచ్చుకున్నవాళ్ళు అంతవరకూ లేరు. సందులోకి దిగి, సోడాబండాయనకు చెప్పాడు, బజ్జీలామెకు చెప్పాడు, దారిన పోయే బండ్లవాళ్ళను ఆపి చెప్పాడు. "ఈ పిల్లోని పెండ్లి ఎందుకు తప్పిపోయిందో ఎరుకనా? అద్దం కనపడలేదంట, అంత బాగా తీసినా." సాయంత్రానికి నా పెళ్ళి తప్పిన సంగతి తెలియనివాడు పత్తి మార్కెట్టులో లేడు. చివరికి నా గదిలోకొచ్చి నా మొహం చూశాడు. ఎప్పుడూ లేనిది, ఎదురుగా నిలబడి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"తప్పు నా అద్దానిది. పద, పొద్దున్నే ఎమ్మిగనూరు పోదాం" అన్నాడు.

పెళ్ళికొడుకు పిలవకుండా పిల్ల ఇంటికి పోవడం ఎక్కడైనా ఉందా? ఆ మాటే అన్నాను. "నువ్వు పెండ్లికొడుకు కాదులే, వద్దన్నారు గదా. ఊరికే నాతో పాటు వచ్చే మనిషివి" అన్నాడు. తెల్లారి మొదటి బస్సెక్కాం.

మేం పోయేసరికి తండ్రి గుంటమగ్గంలో ఉన్నాడు. ముసలవ్వ వసారా అంచున, నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టింది. ఉత్త ఫ్రేమాయన ఇంటికే వచ్చేశాడని ఆమె చెయ్యి ఆగింది. ఫోటో అన్న ఆమెకు పక్కగా పోయి నిలబడి, "అవ్వా, నా మీద కోపమైతే తర్వాత తిట్టు. ముందు ఆ తొట్టిలోకి సూడు. అడుగు కనపడతాందా?" అన్నాడు.

"ఎండ మెరుస్తాంటే అడుగెట్ల కనపడతాదప్పా?"

"ఇప్పుడు సూడు." తిప్పుడద్దం ఆమె కంటికి పెట్టి తిప్పాడు.

ముసలవ్వ చూసింది. మెడ చాపి చూసింది. తర్వాత లేచి, చెయ్యి భుజం దాకా తొట్టిలో ముంచి, అడుగునుంచి బియ్యం కొలిచే ఇత్తడి సోల ఒకటి తీసి, గబుక్కున కొంగు కింద పెట్టుకుంది. ఆ సోల ఎత్తుకుపోయిందనే పక్కింటామెతో పది రోజులుగా మాటల్లేవని మాకు తర్వాత తెలిసింది. ఫోటో అన్న మహా మర్యాదగా ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత నన్ను అరుగుమీద ఏటవాలుగా కూర్చోబెట్టాడు. ముసలవ్వ అద్దంలోంచి నా మొహం చూస్తూ తిప్పింది. "అద్దాలుండాయి. లేవు. ఉండాయి. లేవు." అట్లా ఎన్నిసార్లు చూసిందో. చివరికి నమ్మకం చాలక, దగ్గరికొచ్చి నా జోడు మీద వేలు పెట్టి పొడిచింది. వేలు టక్కుమని అద్దానికి తగిలింది.

"దీనికేనా ఆదోని నుంచి వచ్చింది" అని మగ్గం గుంటలోంచి తండ్రి అన్నాడు. "ముందే వేలు పెట్టి సూసింటే సరిపోయె."

గుమ్మం వెనకనుంచి ఒక నవ్వు వచ్చింది. పెళ్ళి భోజనాల్లో విన్న నవ్వు. ముసలవ్వ అద్దాన్ని లోపలికి అందించింది. నేను మెడ కదపకుండా కూర్చున్నాను. గుమ్మం సందులో ఇత్తడి చట్రం ఒకసారి అటు తిరిగింది, ఒకసారి ఇటు తిరిగింది. చాలాసేపు తిరిగింది. లోపలినుంచి మాట వచ్చింది. "కండ్లు బాగానే ఉండాయిలేవ్వా." ఈ జన్మలో నాకు దొరికిన పెద్ద బహుమతి అదే.

సంబంధం కుదిరింది. అద్దం మాత్రం తిరిగి రాలేదు. ఫోటో అన్న చెయ్యి చాపితే ముసలవ్వ దాన్ని బొడ్డుసంచిలో వేసుకుంది. "పెండ్లయ్యేదాకా నా కాడ ఉండనీ. మీరు మాట మారిస్తే?" అంది. ఆమెకు మా మాటమీద అనుమానమేమీ లేదు. ఆ అద్దంలోంచి చూడటం ఆపలేకపోయింది, అంతే. ఫోటో అన్న మొహం నేను చూశాను. ఆ అద్దాన్ని ఆయన ఇంకొకరి చేతికి ఇవ్వగా అంతవరకూ ఎవరూ చూడలేదు. ఆయన ముసలవ్వను చూశాడు, నన్ను చూశాడు. "ఉండనీలే అవ్వా" అన్నాడు. బస్సులో తిరిగొచ్చేటప్పుడు మాటిమాటికీ ఖాళీ జేబు తడుముకుంటూ వచ్చాడు. అట్లా తడుముకున్నప్పుడల్లా నాకేసి తిరిగి నవ్వేవాడు.

పెళ్ళి ఎమ్మిగనూరులోనే జరిగింది. ఫోటో అన్న కెమెరాతో వచ్చాడు. ముసలవ్వ తిప్పుడద్దం కంటికి పెట్టుకుని పందిట్లో అటూ ఇటూ తిరుగుతూ, వచ్చినవాళ్ళందరికీ వంటవాళ్ళ నీళ్ళ గంగాళం చూపిస్తోంది. అడిగితే ఇచ్చే వాలకం కాదు. "అద్దం లేకుండానే కానిద్దాం. ఒక్క ఊరితో అయిపోతాది" అని ఫోటో అన్న మా ఇద్దరినీ నిలబెట్టి, ఊది, మూత తీసి, వేలెత్తి "హాలహర్వి" అన్నాడు. ఫోటోలో నా కళ్ళున్న చోట మళ్ళీ రెండు తెల్ల బిళ్ళలు. ఆ పటం చూసి నవ్వని చుట్టం లేడు. గుడ్డి పెళ్ళికొడుకని మా పిల్లలు కూడా ఆటపట్టించేవాళ్ళు.

ముసలవ్వ మాట తప్పలేదు. మూడోనాడు మమ్మల్ని సాగనంపుతూ అద్దం తిరిగిచ్చింది. ఎరువు తెచ్చుకున్న వస్తువు మురికిగా ఇవ్వకూడదు, ఉత్తగా ఇవ్వకూడదు. అందుకని చింతపండూ బూడిదా వేసి ఇత్తడి చట్రం మిలమిలలాడేట్టు తోమింది. గాజును కూడా అంత శ్రద్ధగానూ తోమింది. పక్కన ఇంత బెల్లంగడ్డ పెట్టి ఇచ్చింది. ఫోటో అన్న అద్దాన్ని ఎండకు ఎత్తి చూశాడు. గీతలు గీతలుగా, పొద్దున్నే మంచు పట్టినట్టుంది. ఆయన కాసేపు అట్లాగే చూసి, బెల్లం నోట్లో వేసుకుని, "బాగుండాది అవ్వా" అన్నాడు. ఏది బాగుందో చెప్పలేదు.

ఆ గీతల అద్దాన్ని ఆయన పారేయలేదు. దాన్ని పెట్టి ఫోటో తీస్తే మొహంమీద ముడతలు కనపడటం లేదని ఒకరోజు కనిపెట్టి, మళ్ళీ సందులోకి పరిగెత్తాడు. ఆ సంగతి తెలిశాక నలభై దాటిన ఆడవాళ్ళూ, వాళ్ళకంటే ఎక్కువగా మగవాళ్ళూ ఆయన మెట్లమీద వరసకట్టారు. మా ఫ్యాక్టరీ మేనేజరు రెండుసార్లు దిగాడు.

ఆయన పోయినప్పుడు ఆయన మనుషులు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. దండ వెయ్యడానికి ఆయన ఫోటో ఏదైనా ఉందా అని. అంతమందిని తీసినాయనకు తన ఫోటో ఒక్కటి లేదు. ఎప్పుడడిగినా "నన్ను తీసేటప్పుడు ఊళ్ళెవరు లెక్కపెడతారప్పా" అని దాటేసేవాడు. నా దగ్గరా లేదని చెప్పాను. కుర్చీలో కెమెరా పెట్టి, దానికే దండ వేశారట. ఆయన మూలంగా ఇల్లూవాకిలీ ఏర్పడ్డవాణ్ణి, ఒక్క ఫోటో ఇచ్చుకోలేకపోయానని నాకు చాలా ఏళ్ళు బాధగా ఉండేది.

ఇదంతా చెప్పాక, మనవరాలు ఆ గుడ్డి పెళ్ళికొడుకును చూడాలంది. పటం దింపుకొచ్చి ఒళ్ళో పెట్టింది. పటం మీద కిటికీ మెరుస్తోంది. నల్ల కళ్ళద్దం అడ్డం పట్టుకుని, పక్కకు ఒరిగి, తిప్పాను. పటం గాజుమీది మెరుపు ఆరిపోయింది. ఫోటోలో నా జోడుమీది మెరుపు ఆరలేదు. అది అప్పుడే అచ్చయిపోయిన మెరుపు. మనవరాలు నా చేతిలోని నల్లద్దం వెనక ఫోను పెట్టి ఫోటో తీసి, వేళ్ళతో పెద్దది చేస్తూ పోయింది. ఉన్నట్టుండి ఆగింది.

"తాతా, నీ అద్దంలో ఎవరో ఉండారు."

చూశాను. శుక్లం తీసిన కన్ను అంత దూరంనుంచే పట్టుకుంది. నా కుడివైపు అద్దంలో, పందిరి బయటి తెల్లటి ఎండలో, చిన్న నల్లటి ఆకారం. మూడుకాళ్ళ కెమెరా పక్కన, ఒక పక్కకు ఒరిగి, ఒక చెయ్యి పైకెత్తి. ఆ చేతిలో ఎత్తి ఉన్నది ఒకే ఒక్క వేలు. తిప్పుడద్దం ఆ రోజు ఆయన దగ్గరే ఉండి ఉంటే, మెరుపుతో పాటు ఈయన కూడా తుడిచిపెట్టుకుపోయేవాడు.

మా ఆవిడ నా భుజం మీదుగా వంగి చూసింది. తర్వాత మెల్లగా, "హాలహర్వి" అంది.

నేను రెప్ప కొట్టకుండా అట్లాగే కూర్చున్నాను. కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చుక్కల మందు వేసే టైమయిందేమో తాతా అని మనవరాలు అంటోంది. ఆయన ఇంకా వేలు దించలేదు.